మైక్ ఆపేసినా యాడ్స్ వెంటపడుతున్నాయా? ముందు ఇది చూడండి

సమస్య: కొట్టుకెళ్ళి పెళ్ళి చీరలు కొన్నారు. వాటికోసం ఫోన్‌లో ఏమీ వెతకలేదు. రెండు రోజులకి ఫేస్‌బుక్ తెరిస్తే అదే కొట్టు యాడ్. ఫోన్ మాటలు వింటోందని టెన్షన్ పడి మైక్ పర్మిషన్లన్నీ తీసేశారు. యాడ్స్ మాత్రం ఆగలేదు.

నా దగ్గరికి ఈ సమస్యతో వచ్చేవాళ్ళంతా మైక్‌నే అనుమానిస్తారు. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17,000కు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించి 2018లో ఫలితాలు బయటపెట్టారు. దొంగచాటుగా మైక్ ఆన్ చేసి మాటలు పంపే యాప్ వాళ్ళకి ఒక్కటీ దొరకలేదు.

మొదటి చెక్: యాడ్ మూలన మూడు చుక్కలు నొక్కితే ఆ యాడ్ మీకెందుకు వచ్చిందో ఉంటుంది. అర నిమిషం పని, అయినా ఎవరూ చూడరు. వయసు, ఊరు, ఇష్టాలు అని ఉంటే మామూలు యాడే. ఆ వ్యాపారి ఇచ్చిన జాబితాలో మీరున్నారని ఉంటే అసలు సంగతి అక్కడుంది.

అసలు కారణం: బిల్లు కౌంటర్‌లో మీరు చెప్పిన ఫోన్ నంబరు. కొట్టువాళ్ళు కస్టమర్ల నంబర్ల జాబితాను ఫేస్‌బుక్ యాడ్స్ ఖాతాలోకి ఎక్కించవచ్చు. అకౌంట్ తెరిచేటప్పుడు మీరిచ్చిందీ అదే నంబరు కాబట్టి రెండూ కలుస్తాయి. గూగుల్‌లోనూ ఈ సదుపాయం ఉంది. ఇందులో మీ ఫోన్‌కి పనే లేదు, అందుకే ఏ పర్మిషన్ తీసేసినా ఫలితం ఉండదు. నంబర్లను హ్యాష్ చేసి, అంటే గుర్తుపట్టలేని అక్షరాల వరుసగా మార్చి పంపుతాం కాబట్టి భయం లేదని జాబితా ఎక్కించేవాళ్ళు అంటారు. ఆ మాట నమ్మకండి. ఒకే నంబరుకి ఎక్కడైనా ఒకే హ్యాష్ వస్తుంది, జత కలపడానికి అది చాలు. బెటర్‌హెల్ప్ అనే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ తమ దగ్గరికి వచ్చినవాళ్ళ ఈమెయిల్స్‌ని ఇలాగే హ్యాష్ చేసి ఫేస్‌బుక్‌కి ఇచ్చింది. 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కేసులో 78 లక్షల డాలర్లు కట్టించింది. మనసు బాగోలేక సాయం కోరినవాళ్ళ వివరాలవి. చీరల యాడే కదా అని వదిలేసేవాళ్ళకి నేను ఈ కేసే చెబుతాను.

పరిష్కారం: ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లోని అకౌంట్స్ సెంటర్‌లో యాడ్ ప్రిఫరెన్సెస్‌కి వెళ్ళి, జాబితాల్లో మిమ్మల్ని చేర్చిన వ్యాపారుల పేర్లు చూడండి. ఆ కొట్టు పేరు నొక్కి, జాబితా ఆధారంగా యాడ్ చూపించడానికి వీల్లేదని పెట్టండి. తర్వాత 'యువర్ యాక్టివిటీ ఆఫ్ మెటా టెక్నాలజీస్' (ఫేస్‌బుక్ యజమాని మెటాకి బయటి యాప్‌లు, వ్యాపారులు మీ గురించి పంపిన వివరాలు) తెరిచి పాతది క్లియర్ చేసి, ఇకమీద వచ్చేది డిస్కనెక్ట్ చేయండి. డిస్కనెక్ట్ చేస్తే ఫేస్‌బుక్‌తో లాగిన్ అయ్యే యాప్‌లు తెరుచుకోకపోవచ్చు, వాటికి ముందే వేరే లాగిన్ పెట్టుకోండి. ఇంత చేసినా యాడ్స్ సంఖ్య తగ్గదు, కొట్టు దగ్గరున్న మీ నంబరూ చెరిగిపోదు. ఆ జాబితా ఆధారంగా కొట్టు యాడ్ మీకు చూపించడం మాత్రం ఆగుతుంది.

కాబట్టి కౌంటర్ దగ్గరే నంబరు చెప్పకండి. నంబరు లేకుండా కంప్యూటర్ బిల్లు తీసుకోదంటే ఒప్పుకోవద్దు. కస్టమర్ల నంబరు కోసం పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే వ్యాపార సంఘాలకు చెప్పింది.

మిగతా కారణాలు: ఒక యాప్‌లో చూసిన వస్తువు ఇంకో యాప్‌లో కనిపిస్తుంటే ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో అడ్వర్టైజింగ్ ఐడీ (యాడ్స్ కోసం యాప్‌లు మీ ఫోన్‌ని గుర్తుపట్టే నంబరు) డిలీట్ చేయండి. ఐఫోన్‌లో ట్రాకింగ్ ఆపేయండి. ఇంట్లో ఒకే వైఫై వాడేవాళ్ళ వెతుకులాట మీ యాడ్స్‌లో తేలడమూ ఉంది గానీ దానికి హైరానా పడక్కర్లేదు. ఎవరో గూఢచారి యాప్ పెట్టారన్న అనుమానాన్ని పైవన్నీ అయ్యాకే పట్టించుకోండి.