పాత కారుకు వాటర్ పంప్ మార్చే ముందు జాగ్రత్తలు

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయండి. వేడి మీద తీస్తే మరిగే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరచడానికి వాటర్ పంప్ తిప్పే ద్రవం) ముఖం మీదికి చిమ్ముతుంది.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో సామాన్లు కొనేటప్పుడు ఛాసిస్ నంబర్ దగ్గర పెట్టుకోండి. గ్యాస్కెట్ (అతుకు దగ్గర కారకుండా వేసే పలక), థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ను వదిలే వాల్వు), గట్టిపడిన హోస్ పైపుల బదులు కొత్తవి కూడా తెచ్చుకోండి.

పంపు టైమింగ్ బెల్టుతో (వాల్వులు, పిస్టన్లు లయ తప్పకుండా నడిపే బెల్టు) తిరిగేదైతే బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ ఇప్పుడే మార్చడం మేలు. తర్వాత మళ్లీ అదంతా విప్పాలంటే కూలీ రెండింతలు. విప్పే ముందు బెల్టు తిరిగే చక్రాల మీది టైమింగ్ గుర్తులు కలిపి ఫోటో తీయండి. అవి తప్పితే కొన్ని ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

బోరు నీళ్లు వద్దు, లోపల గార కడుతుంది. కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటరే కలపండి.

పాత కూలెంట్ తియ్యటి విషం. దయచేసి మోరీలో పోయకండి, వీధికుక్కలు తాగితే చచ్చిపోతాయి. మూతున్న డబ్బాలో పట్టి, పిల్లలకు అందకుండా పెట్టండి.