రాగ్నరాక్ ఆన్‌లైన్ కంప్యూటర్ ఆట: సొంత ప్యాచ్‌లోకి (ఆటకు మనం చేసుకునే మార్పుల్లోకి) బొమ్మలు ఎక్కించే ముందు

- ఆట మూసేసి, ఆట బొమ్మలూ మిగతా సరుకూ ఉండే అసలు ఫైలు డేటా.జీఆర్ఎఫ్‌కి వేరే చోట కాపీ పెట్టుకోండి. దాన్ని ముట్టుకోవద్దు. మీ బొమ్మలకు విడిగా చిన్న జీఆర్ఎఫ్ చేసి, ఏ జీఆర్ఎఫ్ ముందు చదవాలో ఆటకు చెప్పే డేటా.ఐఎన్ఐ ఫైలులో దానికి 0, అసలు దానికి 1 ఇవ్వండి. చిన్న నంబరుదే ముందు వరస.

- జీఆర్ఎఫ్ లోపలి ఫోల్డర్ల పేర్లు పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. అవి కొరియన్ పేర్లే. నీట్‌గా ఉంటుందని మార్చారో, ఆటకు బొమ్మ దొరకదు.

- ఎస్‌పీఆర్ (బొమ్మ ఉండే ఫైలు) వెంట అదే పేరున్న ఏసీటీ (బొమ్మ కదలికలు చెప్పే) ఫైలూ వెళ్లాలి. ఇది మరిచిపోయి నేను ఒక రాత్రంతా ఎర్రర్ బాక్సు మొహం చూస్తూ కూర్చున్నాను.

- పాలెట్ (ముందే ఎంచిన రంగుల పట్టీ) వాడే బొమ్మైతే 256 రంగులే. వాటిలో మొదటిది తెరమీద కనిపించదు. దాంతో టోపీకి రంగేస్తే టోపీకి చిల్లే!

- వేరేవాళ్లు గీసినవైతే అడిగి తీసుకోండి.

- మీ సర్వర్ నియమాలు చదవండి. ఒప్పుకోని చోట అకౌంటే బ్యాన్ కావచ్చు.