ప్రధాని నోట ఏ మాట వస్తుంది? ప్రిడిక్షన్ మార్కెట్‌లో అంచనా కట్టడం ఎలా?

పార్లమెంటు నడిచే రోజుల్లో ప్రతి బుధవారం మధ్యాహ్నం 12 గంటలకు బ్రిటన్ ప్రధాని హౌస్ ఆఫ్ కామన్స్‌లో ఎంపీల ప్రశ్నలకు జవాబు చెబుతారు. సుమారు అరగంట కార్యక్రమం. ఆ అరగంటలో ఆయన ‘ఉక్రెయిన్’ అంటారా, ‘స్కాట్లాండ్’ అంటారా అన్నదాని మీద కూడా ఇప్పుడు పందేలు నడుస్తున్నాయి. కాల్షీ, పాలీమార్కెట్ లాంటి ప్రిడిక్షన్ మార్కెట్లలో, అంటే జరగబోయేదాని మీద డబ్బు కాసే వెబ్‌సైట్లలో, వీటిని ‘మెన్షన్ మార్కెట్లు’ అంటారు. ఆ మాట వస్తే ‘అవును’ కాంట్రాక్టుకు 1 డాలర్, రాకపోతే సున్నా. ‘కాదు’ కాంట్రాక్టుకు దీనికి తలకిందులు. ‘అవును’ ధర 70 సెంట్లుంటే, మార్కెట్ లెక్కలో 70 శాతం అవకాశం ఉందన్నమాట.

మొదట నిబంధనలు చదవండి. రాజకీయం తర్వాత. నేను మొదట్లో దీన్ని వదిలేసి వార్తలు తిరగేస్తూ కూర్చునేవాణ్ని, అదే తప్పు. పాలీమార్కెట్‌లో మామూలుగా బహువచనం చెల్లుతుంది, వేరే రూపాలు చెల్లవు. అంటే ‘ట్యాక్స్’కి ‘ట్యాక్సెస్’ సరిపోతుంది, ‘ట్యాక్సేషన్’ సరిపోదు. ఎవరు అనాలన్నది ఇంకో మెలిక. చిన్న పడవల్లో వచ్చే అక్రమ వలసల గురించి ప్రతిపక్ష నేత ‘స్మాల్ బోట్స్’ అని నిలదీశారు, ప్రధాని మాత్రం ‘మనుషుల్ని దాటించే ముఠాల పని పడుతున్నాం’ అని సరిపెట్టారు అనుకోండి. సభలో ఆ మాట మోగింది, కానీ ప్రధాని నోట రాలేదు. ప్రధాని విదేశాల్లో ఉంటే ఉప ప్రధాని నిలబడతారు, అప్పుడు మార్కెట్ ఏమవుతుంది? ప్రశ్నలు అయిపోగానే ప్రధాని వేరే ప్రకటన చేస్తే అందులోని మాటలు లెక్కలోకి వస్తాయా? ఇవన్నీ ముందే చూసుకోండి.

తర్వాత పాత రికార్డు తిరగేయండి. సభలో మాట్లాడినదంతా పార్లమెంటు అధికారిక రికార్డు ‘హాన్సార్డ్’లో ఉచితంగా దొరుకుతుంది. గత పది బుధవారాలు తీసుకుని, ప్రధాని జవాబుల్లో ఆ మాట ఎన్ని వారాలు వచ్చిందో లెక్కపెట్టండి. ఒకే రోజు ఐదుసార్లు అన్నా అది ఒక్క వారమే. హాన్సార్డ్ ఉన్నదున్నట్టు రాయదు, తడబాట్లు, పునరుక్తులు సరిచేస్తుంది. అనుమానం ఉంటే వీడియో చూడాల్సిందే. ఊతపదాలతో ఇంకో చిక్కుంది. 2024 చివర్లో ప్రధానిగా ఉన్న కీర్ స్టార్మర్ ఖజానాలో 2,200 కోట్ల పౌండ్ల ‘బ్లాక్ హోల్’ (లోటు) ఉందని పదేపదే అనేవారు. అలాంటి మాట కొన్ని నెలలకు అరిగిపోతుంది. అందుకే కొత్త వారాలకు ఎక్కువ విలువివ్వండి.

ఆ రోజు ఎవరు అడుగుతారో చూడండి. ప్రతిపక్ష నేతకు ఆరు ప్రశ్నలు, మూడో పెద్ద పార్టీ నేతకు రెండు. మిగతా ఎంపీల పేర్లు లాటరీ తీసి ఆ రోజు సభ కార్యక్రమ పత్రం ‘ఆర్డర్ పేపర్’లో ముందే వేస్తారు. అందులో స్కాట్లాండ్ ఎంపీ ఉంటే ‘స్కాట్లాండ్’ మాటకు అవకాశం పెరుగుతుంది.

ఇప్పుడు ధరతో పోల్చండి. ‘స్కాట్లాండ్’కి ‘అవును’ 70 సెంట్లు, ‘కాదు’ 32 సెంట్లు అనుకుందాం. మీ లెక్కలో పదిలో ఆరు వారాలు వచ్చింది. అంటే ‘కాదు’ అసలు విలువ 40 సెంట్లు, మిగులు 8 సెంట్లు, అందులో ఫీజు పోతుంది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఒక్క వారం తేడాతో ఆరు ఏడైతే ఆ విలువ 30కి పడిపోతుంది, కొన్నది నష్టమే. పది వారాల లెక్క అంత పల్చన.

పైగా మాట్లాడే మనిషి తలచుకుంటే ఆట మొత్తం మారిపోతుంది. 2025 అక్టోబరులో క్రిప్టో కంపెనీ కాయిన్‌బేస్ సీఈఓ బ్రయాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ ఫలితాలు వివరించే కాల్ చివర్లో, పందేల సంగతి చెప్పి మరీ ‘బిట్‌కాయిన్, ఇథీరియం, బ్లాక్‌చెయిన్’ అంటూ మాటలు వరసగా చదివేశారు. బ్రిటన్‌లోనే, 2024 ఎన్నికల తేదీ మీద లోపలి సమాచారంతో పందేలు కాశారన్న మోసం ఆరోపణతో, పందేలను నియంత్రించే గాంబ్లింగ్ కమిషన్ 15 మందిపై కేసు పెట్టింది. ప్రధాని జవాబులు రాసిపెట్టే సిబ్బందికి మీకంటే ముందే తెలుస్తుంది.

కాబట్టి మొదట డబ్బు పెట్టకండి. మీరున్న చోట ఇది చట్టబద్ధమో కాదో చూసుకోండి. పది బుధవారాలు సభ మొదలవకముందే మీ శాతం, మార్కెట్ ధర నోట్‌బుక్‌లో పక్కపక్కనే రాసి, సాయంత్రం ఫలితం కూడా నింపండి.