మొదటి ట్రే పొంగింది, రెండోది చదునుగా వచ్చింది: సోర్‌డో పండ్ల మఫిన్ల సమస్యలు - పరిష్కారాలు

మఫిన్లు పొంగలేదని ఎవరు చెప్పినా నేను ముందు అడిగేది ఒకటే: ఓవెన్ లోపల థర్మామీటర్ పెట్టి చూశారా? స్టార్టర్ (పిండి, నీళ్లు కలిపి పులియబెట్టి పెంచుకునే సోర్‌డో పులిపిండి) మార్చి ఉంటారు, మైదా మార్చి ఉంటారు, గుడ్లు ఇంకొకటి ఎక్కువ వేసి ఉంటారు. వేడి మాత్రం చూసి ఉండరు. డయల్ 200 దగ్గర ఉన్నంత మాత్రాన లోపల 200 డిగ్రీలు ఉన్నట్టు కాదు. మా ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) లైటు మొదటిసారి ఆరినప్పుడు చూస్తే 165 ఉంది. ఇంకో పది నిమిషాలు ఆగితేగానీ 190 దాటలేదు. దయచేసి చిన్న ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. ఇది చూడకుండా కింద రాసినవేవీ ప్రయత్నించకండి.

అలాగే అర టీస్పూన్ బేకింగ్ పౌడర్ వేడినీళ్లలో వేసి చూడండి, బుసబుసా పొంగాలి. సోడా మీద రెండు చుక్కల నిమ్మరసం పిండండి, అదీ వెంటనే నురగ కట్టాలి. ఎప్పుడో తెరిచిన డబ్బాతో మఫిన్లు పొంగవు.

నా కొలత, 12 మఫిన్లకి: మైదా 200 గ్రాములు, ఫ్రిజ్‌లోని డిస్కార్డ్ 120 గ్రాములు (స్టార్టర్‌కి కొత్త పిండి పెట్టేముందు తీసి పక్కన పెట్టే పాత భాగం; పిండి, నీళ్లు సమానంగా ఉన్నది), పంచదార 120, నూనె 80, గుడ్లు 2, పాలు 120 మిల్లీలీటర్లు, పండు ముక్కలు 150, బేకింగ్ పౌడర్ 1 టీస్పూన్, సోడా పావు టీస్పూన్, చిటికెడు ఉప్పు. డిస్కార్డ్‌ని కప్పుతో కొలవకండి, తూచండి. బుడగలతో ఉన్న కప్పుకీ, చప్పబడిన కప్పుకీ బరువులో చాలా తేడా ఉంటుంది.

ఒకే పిండి, మొదటి వాయి గుండ్రంగా, రెండో వాయి చదునుగా

నన్ను నెలల తరబడి ఏడిపించింది ఇదే. మా ఓటీజీలో ఒకసారికి ఆరు మఫిన్లే పడతాయి. అక్క కూతురి పుట్టినరోజుకి అరటిపండు మఫిన్లు చేశాను. మొదటి ఆరూ చక్కగా తలలెత్తాయి. అదే గిన్నెలోంచి పోసిన రెండో ఆరు కప్పు అంచు దాకా కూడా రాలేదు. పైన అట్టు మీద పడ్డట్టు సన్నటి చిల్లులు. కోస్తే అడుగున అరంగుళం మందాన, ఉడికీ ఉడకని ఇడ్లీలా జిగురు పొర. ఓవెన్ వేడి తగ్గిందనుకున్నాను, థర్మామీటర్ చూస్తే 195. పిండి ఎక్కువ కలిపానేమో అనుకుంటే, రెండు వాయిలదీ ఒకే పిండాయె.

తేడా అల్లా, రెండో వాయి పిండి అరగంట గట్టు మీద కూర్చుంది. అంతే.

జరిగేదేమిటంటే, మామూలు మఫిన్ పిండిలో పులుపు తక్కువ. బేకింగ్ పౌడర్‌లో సోడా, దానికి సరిపడా ఆమ్లం రెండూ ఉంటాయి. డబుల్ యాక్టింగ్ రకమైతే అందులో కొంత ఆమ్లం వేడి తగిలేదాకా పనిచేయదు, అందుకే అలాంటి పిండి కాసేపు ఆగగలదు. డిస్కార్డ్ వేసిన పిండి సంగతి వేరు. అందులోని లాక్టిక్, ఎసిటిక్ ఆమ్లాలు తడి తగలగానే మీరు వేసిన సోడాతోపాటు బేకింగ్ పౌడర్‌లో ఉన్న సోడానీ పట్టుకుంటాయి. వేడి కోసం ఆగిన ఆమ్లానికి చివరికి జత మిగలదు. ‘డబుల్ యాక్టింగ్ వేశాను కదా’ అనే ధీమా ఇక్కడే దెబ్బతీస్తుంది. అలా పుట్టిన గ్యాస్ అంతా, పిండి ఓవెన్‌లోకి వెళ్లకముందే గిన్నెలోంచి పోయింది.

మీరే చూడొచ్చు. పిండి కలపగానే గిన్నె దగ్గర చెవి పెట్టండి, సన్నగా చిటపటమంటుంది. ఐదు నిమిషాల్లో పిండి దూదిలా ఉబ్బుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, ఆ ఉబ్బు మఫిన్‌లో ఉండాల్సింది. ఇరవై నిమిషాల తర్వాత గరిటె పెడితే చప్పబడి, జారుగా దిగిపోతుంది.

డిస్కార్డ్ పాతబడేకొద్దీ ఇది ముదురుతుంది. రెండు రోజులది పుల్ల మజ్జిగలా ఉంటుంది. మూడు వారాలు ఫ్రిజ్‌లో ఉండి పైన నల్లటి నీళ్లు తేలినది నాలుక మీద పెడితే పళ్లు పులుస్తాయి. నిరుడు కుదిరిన కొలత ఈసారి కుదరలేదంటే కొలత మారలేదు, మీ డిస్కార్డ్ వయసు మారింది.

పరిష్కారం ఇలా. సోడా, పౌడర్ రెండూ మైదాలో జల్లించి పొడిగానే ఉంచండి. సోడాని ముందే డిస్కార్డ్‌లో కలిపి నురగ తెప్పించే పద్ధతి మానేయండి. ఓవెన్ వేడెక్కాకే తడినీ పొడినీ కలపండి. కలిపిన ఐదు నిమిషాల్లో ట్రే లోపల ఉండాలి. రెండు వాయిలు చేయాలంటే తడి మిశ్రమాన్నీ పొడి మిశ్రమాన్నీ తూచి చెరిసగం చేసి, రెండో సగాన్ని మొదటి ట్రే బయటికి వచ్చాకే కలపండి. రాత్రంతా పులియబెట్టి చేసేవాళ్లు మైదా, డిస్కార్డ్, పాలు మాత్రమే కలిపి ఉంచుకోండి. సోడా పొద్దున్నే. డిస్కార్డ్ బాగా పాతదైతే 120కి బదులు 60 గ్రాములే వేసి, మిగతా 60కి మైదా 30, నీళ్లు 30 కలపండి. పులుపు ఎక్కువైందని సోడా పెంచుకుంటూ పోవద్దు. ఎందుకో కింద ఉంది.

నేరేడు ముక్కల చుట్టూ ఆకుపచ్చ, బూడిద రంగు మరకలు

పండు పాడవలేదు. సోడా ఎక్కువైంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడ్డట్టే, నేరేడు, బ్లూబెర్రీల ఊదా రంగు క్షారం తగిలితే నీలం, ఆకుపచ్చలోకి తిరుగుతుంది. తింటే సబ్బు రుచి కూడా తెలుస్తుంది, పైభాగం త్వరగా నల్లబడుతుంది. పావు టీస్పూన్‌కి తగ్గించండి. అందుకే నేను కొత్త డిస్కార్డ్‌తో మొదటిసారి నేరేడు ముక్కలే వేస్తాను. ఎర్రటి ఊదా నిలిస్తే సోడా సరిపోయింది.

పండు ముక్కలు అడుగుకి దిగిపోవడం

ముక్కలకి మైదా అద్దడం గురించి అందరూ చెబుతారు. పిండి పల్చగా ఉంటే అది ఏమీ ఆపలేదు. పిండి బజ్జీ పిండిలా కాదు, పునుగుల పిండిలా ఉండాలి, గరిటె నుంచి ముద్దగా పడాలి. డిస్కార్డ్ జారుగా ఉన్న రోజు పాలు 30 మిల్లీలీటర్లు తగ్గించండి. మామిడి, అనాస ముక్కల్ని సెంటీమీటరుకి మించకుండా కోసి, జల్లెడలో పది నిమిషాలు వదిలేయండి. కారిన రసం తాగేయొచ్చు, పిండిలో పోయొద్దు.

లోపల సొరంగాలు, సాగుడు

ఎక్కువ కలిపారు. పొడి మైదా కనబడనప్పుడే ఆపండి, ఉండలు ఉన్నా ఫర్వాలేదు.

స్టార్టర్ చచ్చిపోయిందేమో?

అప్పటికప్పుడు చేసే మఫిన్‌ని పొంగించేది స్టార్టర్ కాదు, సోడా. డిస్కార్డ్ ఇచ్చేది రుచి, మెత్తదనం. దాన్ని బతికించడానికి మూడు రోజులు ఆగక్కర్లేదు. గులాబీ, నారింజ చారలుగానీ బూజుగానీ కనిపిస్తే మాత్రం సీసా మొత్తం పారేయండి. పైన తేలిన నల్ల నీళ్లకి భయపడక్కర్లేదు.

నీళ్ల గట్టిదనం, మైదా బ్రాండు, వానాకాలం తేమ: వీటి వల్ల మఫిన్ చదునైన సందర్భం నాకు ఇంతవరకూ ఎదురవలేదు, వీటి జోలికి పోకండి.

చదునైన ట్రేని పారేయొద్దు. అడుగు జిగురు పొర కోసేసి, మిగిలింది అరంగుళం ముక్కలుగా తరిగి, పెనం మీద నెయ్యితో సన్నటి మంట మీద రెండువైపులా ఎర్రగా కాల్చండి. మా ఇంట్లో పిల్లలు వాటినే అడిగి మరీ తింటారు.