టరంటులాకు పెట్టె కొనే ముందు

బరంపురంలో టరంటులా అనే పెద్ద సాలీడును పెంచాలనుకున్నవారు సాధారణంగా గాజు పనివాడి దగ్గరకు వెళ్లి, చేపల తొట్టె కొలతలతోనే ఒక పెట్టె కట్టించుకుంటారు. నేనూ అదే చేశాను. గాజు మంచిదే, కానీ సగానికి పైగా కొబ్బరి పీచుతో నింపిన తరువాతే ఆ తొట్టె సాలీడుకు పనికివచ్చింది.

మెక్సికన్ రెడ్‌నీ వంటి నేల మీద బతికే జాతులకు పొట్ట బరువుగా, పలుచని చర్మంతో ఉంటుంది. అడుగు ఎత్తు నుంచి జారిపడినా అది పగిలి ప్రాణం పోవచ్చు. కనుక కాళ్లు చాచినప్పటి కొలతను ముందుగా తీసుకుని, పీచు పైభాగం నుంచి మూత వరకు ఉండే ఖాళీ దానికి ఒకటిన్నర రెట్లు మించకుండా చూడాలి. పొడవు మూడు రెట్లుంటే చాలు. అంటే 12 సెంటీమీటర్ల సాలీడుకు 36 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల ఖాళీ. పిల్ల సాలీడుకు పెద్ద పెట్టె వద్దు. అందులో ఆహారం దానికి దొరకదు, అది మనకు కనబడదు. గాలి రంధ్రాలు వేసిన చిన్న డబ్బా చాలు.

చెట్లెక్కే జాతులకు ఈ లెక్క తలకిందులవుతుంది: వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువుండాలి, లోపల నిలువుగా బెరడు ముక్క నిలపాలి. ఈ కోవలోనిదే 1899లో గుత్తి దగ్గర దొరికిన నమూనాతో శాస్త్రానికి పరిచయమైన నీలి సాలీడు. అది అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జీవి కనుక అడవిలో పట్టినదాన్ని ఎవరు అమ్మజూపినా తీసుకోకూడదు. రెడ్‌నీ సహా సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలోని ప్రాణిని ఉంచుకునేవారు 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని నమోదు చేయించాలి.

మూతకు స్టీలు మెష్ వేయించకండి. ఒక రాత్రి నా సాలీడు మూతకు తలకిందులుగా వేలాడుతూ, ఒక కాలి కొనగోరు మెష్ కన్నులో ఇరుక్కుని, మిగతా ఏడు కాళ్లతో గాలిని తడుముతూ కనిపించింది. కింద అరచేయి పట్టి, మెత్తని కుంచెతో ఆ గోరును తప్పించేసరికి నా చేయే ఎక్కువ వణికింది. మరునాడే రంధ్రాలు వేసిన యాక్రిలిక్ మూతకు మారాను. రంధ్రాలు ఎదురెదురు గోడలకు కూడా ఉండాలి. మన సముద్రపు గాలి తేమతో, గాలాడని పీచు వానాకాలంలో త్వరగా బూజు పడుతుంది. సాలీడు తల భాగం దూరేంత రంధ్రం ఏదీ ఉండరాదు.

కరెంటు హీటరుతో ఇక్కడ పని లేదు. వేసవిలో రేకుల కప్పు కింద పెట్టకపోవడమే ముఖ్యం. చీమలు పట్టకుండా పెట్టెను నీళ్లు పోసిన పళ్లెం మధ్య, ఎత్తు మీద ఉంచాలి. దోమల చక్రం వెలిగించే గదిలో మాత్రం ఎంత మంచి పెట్టె ఉన్నా లాభం లేదు, ఆ పొగలోని మందు పురుగులకే కాక సాలీడుకూ విషమే.

గాజు అతికించిన సిలికాన్ వాసన పూర్తిగా పోయేదాకా పెట్టెను తెరిచి ఆరబెట్టండి. మూత మీద ముక్కు పెట్టి చూస్తే పుల్లని వాసన తగిలిన రోజు సాలీడును అందులో వదలకూడదు.