పొందూరు కండువాతో తాతగారి పోర్ట్రెయిట్: ఆయిల్ రంగుల్లో మొదటిసారి వేసేవారికి

తాతగారిని ఉత్తరపు కిటికీ పక్కన, వెలుగు ఒక చెంప మీదే పడేలా కూర్చోబెట్టండి. ట్యూబ్‌లైటు ఆపేయండి. రెండు వెలుగులు కలిస్తే ముఖం చదునైపోతుంది.

కాన్వాస్ 16×20 అంగుళాలది చాలు. గడ్డం నుంచి మాడు దాకా తల 8 అంగుళాలు దాటనివ్వకండి. కళ్లు తల ఎత్తుకి సగంలో ఉంటాయి. కొత్తలో అందరూ వాటిని పైకి జరిపేస్తారు, నుదురు కుంచించుకుపోతుంది.

మొదటి పూతకి బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు) ఒక్కటే, టర్పెంటైన్‌తో పల్చన చేసి. నూనె వద్దు. కాన్వాసంతా రుద్ది, వెలుగు పడేచోట పాత నూలుగుడ్డతో తుడవండి. కళ్లు చికిలించి చూస్తే కంటిగుంట, ముక్కు పక్క, దవడ కింద నీడలన్నీ ఒకే ముద్దగా కనిపించాలి. పోలిక ఇక్కడే రావాలి. ఇక్కడ రానిది పై రంగులతో రాదు, కాబట్టి రెండు రోజులు పట్టినా పట్టనివ్వండి.

చామనఛాయకి ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), రవ్వంత అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు), నీడకి అల్ట్రామెరీన్ (నీలం). చర్మం వెలగాలని తెలుపు కుమ్మరిస్తే ముఖానికి విబూది పూసినట్టవుతుంది. ముందు ఓకర్ పెంచండి, తెలుపు ఆఖర్న.

కండువా దగ్గర ఇంకా జాగ్రత్త. పొందూరు ఖద్దరు ఎంత తెల్లగా ఉన్నా, నీడ మడతలో అది నీలం, అంబర్ కలిసిన బూడిదరంగే. మెడని ఆనుకున్న మడతలో చర్మపు ఎరుపు లీలగా మెరుస్తుంది. ఉత్త టైటానియం వైట్ వెలుగు తగిలే ఒకటి రెండు అంచులకే పెట్టండి.

రెండో పూతకి రెండు పాళ్ల టర్పెంటైన్‌కి ఒక పాలు అవిసెనూనె, మూడో పూతకి సమపాళ్లు. పైకి వెళ్లేకొద్దీ నూనె పెరిగే ఈ వరస తిరగబడితే పైపూత ముందు గట్టిపడి, కింద పూత ఆరుతున్నప్పుడు బీటలిస్తుంది. కొబ్బరినూనె అసలు ఆరదు, వాడకండి. రంగుల షాపులో దొరికే శుద్ధి చేసిన అవిసెనూనే తీసుకోండి.

ఆయిల్ రంగు ఆవిరై ఆరదు, గాలిలో ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది. భీమిలి నుంచి కళింగపట్నం దాకా తీరపు ఊళ్లలో వానాకాలం ఈ పని నెమ్మదిస్తుంది. పూతకీ పూతకీ మధ్య వారమైనా ఆగండి. గోటితో నొక్కితే గుంట పడకూడదు. కాన్వాస్ వీపు చెమ్మగోడకి ఆనితే బూజు పడుతుంది. వార్నిష్ ఆరు నెలల తర్వాతే.

నూనె తుడిచిన గుడ్డలూ అలాగే ఆక్సిజన్ పీల్చుకుంటూ వేడెక్కుతాయి. ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతటవే అంటుకోగలవు. నీళ్లు పోసిన మూత డబ్బాలో వేయండి.