ట్యూబు పేస్టు వదిలి పేస్టు గోలీకి మారడం ఎలా?

పేస్టు గోలీ అంటే నీళ్లు తీసేసి గోలీగా చేసిన, పండ్లు తోముకునే పేస్టు. పండ్లను రుద్దే సుద్దపొడి లేదా సిలికా, నురగ తెచ్చే పదార్థం, తీపికి జైలిటాల్, చల్లదనానికి మెంథాల్, కొన్నిట్లో ఫ్లోరైడ్ - ట్యూబులో ఉండేవి దాదాపు అన్నీ ఇందులోనూ ఉంటాయి. లేనివల్లా నీళ్లు, ఆ నీళ్లు ఆరిపోకుండా పట్టి ఉంచే గ్లిసరిన్ లాంటివి. ఆ నీళ్లు ఇప్పుడు మీ నోట్లోంచి రావాలి. గోలీ కొని నాలుగు రోజులకే పక్కన పడేసేవాళ్ల ఇబ్బందులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. తడి నోట్లో చాలదు, డబ్బాలో ఎక్కువవుతుంది.

మారడానికి కారణం ట్యూబే. ప్లాస్టిక్ పొరలు, చాలావాటిలో మధ్యన సన్నటి అల్యూమినియం పొర కలిపి అతికించి చేస్తారు. ఆ పొరలు విడదీయడం కష్టం, పైగా లోపల ఎంతో కొంత పేస్టు అంటుకునే ఉంటుంది. పాత సామాన్లకు ఉల్లిగడ్డలిచ్చే బండి కూడా దాన్ని ముట్టదు. వరంగల్‌లో పొద్దున చెత్తబండిలో వేసిన ట్యూబు చివరికి మడికొండ వైపు డంప్‌యార్డు గుట్టలో కలిసేదే. గోలీలు గాజుసీసాలోనో, రేకు డబ్బాలోనో, కాగితం సంచిలోనో వస్తే ఆ బాధ తప్పుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో వచ్చే గోలీలు కొంటే మాత్రం మారిన ప్రయోజనం సగం పోయినట్టే.

కొనేముందు డబ్బా మీద చూడాల్సినవి

అన్నిటికంటే ముందు ఫ్లోరైడ్ చూడండి. పండ్లు పుచ్చకుండా కాపాడటంలో దానిదే పెద్ద పాత్ర. సహజం, మూలికలు అని రాసి అమ్మే గోలీల్లో చాలావాటికి ఇది ఉండదు. మన దేశంలో ఫ్లోరైడ్ పేస్టులో అది 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) మించకూడదు. ఎంత ఉందో, ఎప్పటివరకు వాడొచ్చో ట్యూబు మీద, పెట్టె మీద ముద్రించాలని నియమం ఉంది. గోలీల డబ్బా మీద కూడా ఈ రెండూ వెతకండి. కనిపించకపోతే ఆ డబ్బా వద్దు.

నల్లగొండ కష్టం కళ్లారా చూసిన రాష్ట్రం మనది, అందుకే ఫ్లోరైడ్ అనగానే భయపడతాం. అక్కడ ఎముకలు వంకరపోయిన ఆ జబ్బు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరునీళ్లు ఏళ్ల తరబడి తాగడం వల్ల వచ్చింది. తాగేనీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మేలు, వేరే దారి లేనిచోట 1.5 వరకు అనుమతిస్తారు. 1000 పీపీఎం అంటే గ్రాముకు 1 మిల్లీగ్రాము. గోలీ బరువు 0.3 గ్రాములనుకుంటే అందులో ఉండేది 0.3 మిల్లీగ్రాములు, అదీ ఉమ్మేసేదే. పెద్దవాళ్లు దీనికి జంకాల్సిన పని లేదు. ఊళ్లో ఇంకా ఫ్లోరైడ్ బోరునీళ్లే తాగుతుంటే మాత్రం పిల్లల సంగతి పండ్ల డాక్టరును అడిగి తేల్చుకోండి.

బొగ్గుపొడి కలిపిన నల్ల గోలీలు తీసుకోకండి. గరుకు ఎక్కువగా ఉంటే రోజూ రెండుపూటలా రుద్దేసరికి పంటి పైపొర అరుగుతుంది, అరిగిన పొర మళ్లీ రాదు. ఇంకో జాగ్రత్త: కట్టుడు పండ్లను గ్లాసు నీళ్లలో వేసి శుభ్రం చేసే గోలీలు కూడా ఇలాంటి డబ్బాల్లోనే అమ్ముతారు. అవి నోట్లో వేసుకునేవి కావు. ఆన్‌లైన్‌లో వెతికితే రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి పేరంతా చదివి ఆర్డరు పెట్టండి.

పండ్లు జిల్ జిల్‌మంటున్నాయని డాక్టరు ప్రత్యేకంగా పేస్టు రాసిచ్చి ఉంటే దాన్ని మానేసి గోలీకి రావద్దు. ఆ పేస్టుల్లో పొటాషియం నైట్రేట్ లాంటి మందు ఉంటుంది, మామూలు గోలీల్లో ఉండదు.

లెక్క తేలికే. మనిషికి రోజుకు రెండు, నెలకు అరవై. నలుగురున్న ఇంటికి నెలకు 240. మొదటిసారే అంత కొనకండి, అరవై గోలీల చిన్న డబ్బా ఒకటి తెప్పించి చూడండి. ధర పోల్చేటప్పుడు డబ్బా ధరను గోలీల సంఖ్యతో భాగించి రెండుతో గుణిస్తే రోజు ఖర్చు వస్తుంది. ట్యూబు కంటే గోలీ ఖరీదే. ట్యూబులో బ్రష్షు పొడవునా పిండుకునే అలవాటున్న ఇంట్లో ఆ తేడా కొంత తగ్గుతుంది.

రాత్రిపూట మొదలుపెట్టండి

ఉన్న ట్యూబు పారేయకండి. మొదటి వారం పొద్దున ట్యూబు, రాత్రి గోలీ. రాత్రే ఎందుకంటే, నిద్రలో నోట్లో నీళ్లు ఊరడం బాగా తగ్గుతుంది, లేచేసరికి నోరు ఎండిపోయి ఉంటుంది. ఆ ఎండిన నోట్లో మొదటి గోలీ వేసుకుంటే సుద్దముక్క నమిలినట్టే ఉంటుంది. రాత్రి అన్నం తిన్నాక నోరు తడిగా ఉంటుంది, బడికో డ్యూటీకో ఉరకాల్సిన తొందరా ఉండదు. రెండో వారం నుంచి పొద్దున కూడా గోలీకి రావొచ్చు. ఈలోపు ట్యూబు అయిపోతే కత్తెరతో అడ్డంగా కోసి చూడండి, పిండితే రాని పేస్టు లోపల ఇంకొన్ని రోజులకు సరిపడా దొరుకుతుంది.

గోలీ నమిలే పద్ధతి

ఇక్కడ మాత్రం తొందరపడకూడదు. మనం మామూలుగా ముందు పండ్లు తోమి, తర్వాత నాలుక గీసుకుని, ఆఖరుకు చెంబెడు నీళ్లతో పుక్కిలిస్తాం. ఫ్లోరైడ్ గోలీ వాడేటప్పుడు ఈ వరస తిప్పండి. ముందే నాలుక గీసుకుని, నోరు బాగా పుక్కిలించి ఉమ్మేయండి. దీంతో నోరు తడుస్తుంది, ఆఖరున పుక్కిలించే పనీ తగ్గుతుంది.

పొడిచేత్తో ఒక్క గోలీ తీసుకుని దవడ పండ్ల మధ్య పెట్టి కొరకండి. మంచి గోలీ టక్కున నాలుగైదు ముక్కలవుతుంది. నోరు మూసుకుని పది, పదిహేనుసార్లు నమలండి. మొదట ముక్కలుగా, తర్వాత ఉప్మారవ్వలా, ఆ తర్వాత తడి శనగపిండిలా మారుతుంది. నాలుకను అంగిట్లో రుద్ది చూడండి, రవ్వ పలుకు తగిలితే ఇంకా నమలాలి. పలుకు లేకుండా మెత్తగా, కొంచెం నురగగా అయ్యాకే బ్రష్షు నోట్లోకి పోవాలి. ఎక్కువమంది చేసే తప్పు, రెండు కొరుకులు కొరికి వెంటనే బ్రష్షు పెట్టడం. అప్పుడు గట్టి ముక్కలు చిగుళ్లకు గుచ్చుకుని మండుతాయి, మిగతావి దవడ సందుల్లో ఇరుక్కుని ఉండిపోతాయి.

బ్రష్షును నీళ్లలో ముంచి ఒక్కసారి విదిలించండి. ఆ నాలుగు చుక్కలే నోట్లోని పిండిని పేస్టు చేస్తాయి. అప్పటికీ పొడిగా అనిపిస్తే ఒక చెంచా నీళ్లు నోట్లో పోసుకోండి, గుక్కెడు వద్దు. గుక్కెడు నీళ్లకు గోలీ అంతా జారి సింకులోకి పోతుంది. బీపీ, అలర్జీ మందులు వాడేవాళ్లలో కొందరికి నోరు ఎప్పుడూ ఎండిపోతుంటుంది, వాళ్లకు మాత్రం ఈ చెంచా నీళ్లు తప్పవు.

తోమడం మామూలుగానే. మెత్తటి బ్రష్షు, చిగురుకూ పంటికీ కలిసే గీత మీద ఏటవాలుగా పెట్టి చిన్నచిన్నగా కదపాలి. పైన కుడి, ఎడమ, కింద కుడి, ఎడమ - ఒక్కోచోట అర నిమిషం, మొత్తం రెండు నిమిషాలు. నురగ ట్యూబు అంత రాదు. నురగ తగ్గిందని గట్టిగా రుద్దేవాళ్లున్నారు, రెండో గోలీ వేసుకునేవాళ్లూ ఉన్నారు. పండ్లను శుభ్రం చేసేది నురగ కాదు, బ్రష్షు వెంట్రుకలు, సుద్దపొడి రాపిడి కలిసి చేస్తాయి. గట్టిగా రుద్దితే చిగురు వెనక్కి జరిగి పంటి మొదలు బయటపడుతుంది.

అయ్యాక ఉమ్మేయండి. రెండు మూడుసార్లు ఉమ్మితే చాలు, కడుక్కోవాలనిపిస్తే కొద్ది నీళ్లతో ఒక్కసారే. ఎక్కువ నీళ్లతో పుక్కిలిస్తే పంటి మీద నిలవాల్సిన ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది. పొద్దున ముఖం కడిగిన వెంటనే చాయ్ తాగే అలవాటుంటే అరగంట ఆగడం మేలు. అది కుదరకపోయినా రాత్రి తోముకున్నాక మాత్రం మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకండి.

నమలలేనివాళ్లకు

ఇంట్లో పెద్దమనుషులకు దవడ పండ్లు లేకపోయినా, పండ్లకు తీగలు వేయించుకున్నా గోలీని రెండు స్టీలు చెంచాల మధ్య పెట్టి నొక్కితే పొడి అవుతుంది. ఆ పొడిని అరచేతిలో పోసుకుని తడి బ్రష్షుకు అద్దుకుని తోముకోవాలి. పండ్లపొడితో పెరిగిన తరానికి కొత్తగా నేర్పాల్సిన పనే లేదు, చెప్పాలంటే వాళ్లే ఇంట్లో అందరికంటే ముందు అలవాటు పడతారు.

ఆరేళ్లలోపు పిల్లలకు గోలీ ఇవ్వకండి. వాళ్లకు అది పిప్పరమెంటు. మింగేస్తారు, గొంతులో అడ్డం పడే ప్రమాదమూ ఉంది. వాళ్లకు ట్యూబు పేస్టే మంచిది: మూడేళ్లలోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత. ఆరు దాటిన పిల్లలతో కూడా కొన్నాళ్లు పక్కన నిలబడి ఉమ్మించాలి.

ఇంట్లో కుక్క ఉంటే గోలీల డబ్బా దానికి అందనిచోట పెట్టండి. మనుషులకు హాని చేయని జైలిటాల్ కుక్కకు విషం, చక్కెర ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. తిన్నదని అనుమానం వచ్చినా వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

డబ్బాలోకి తడి పోనీయొద్దు

జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా గోలీలు పాడయ్యే కాలం. స్నానాల గదిలో పెడితే వేడినీళ్ల ఆవిరికి వానాకాలపు తేమ తోడవుతుంది. పెద్ద డబ్బాను వంటింట్లో, పొయ్యికి, సింకుకు దూరంగా పై అరలో పెట్టండి. వారానికి సరిపడా మనిషికి పద్నాలుగు గోలీలు లెక్కపెట్టి చిన్న స్టీలు డబ్బాలో పోసుకుని వాడుకోండి. అది తడిసినా పోయేది వారం సరుకే. డబ్బాతో వచ్చిన సిలికా జెల్ పొట్లాన్ని పారేయకండి, అందులోనే ఉండనివ్వండి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం తడి వేళ్లతో. ముఖం కడిగి ఆ చేత్తోనే డబ్బాలో వేలు పెడితే ఒక గోలీకి తడి తగులుతుంది, అది పక్కదానికి అంటుకుంటుంది, వంటసోడా ఉన్న గోలీలైతే ఉబ్బి పగులుతాయి. నోరు తడిపే ముందే గోలీ తీసి పక్కన పెట్టుకోవడం నేర్పండి. గోరుతో నొక్కితే సొట్ట పడిందంటే తేమ పట్టిందన్నమాట. శుభ్రంగా ఉంటే త్వరగా వాడేయండి. రంగు మారినా, బూజు వాసన వచ్చినా పారేయండి. ఎండలో ఆరబెట్టకండి. మెంథాల్ 42 డిగ్రీల చుట్టుపక్కలే కరుగుతుంది, మే నెలలో రామగుండం ఎండకు చల్లదనమంతా ఎగిరిపోయి ఉత్త సుద్ద మిగులుతుంది. కారులో వదిలేసినా అంతే.

అడుగున చేరిన పొడినీ వాడుకోవచ్చు. తడి బ్రష్షును డబ్బాలో ముంచకుండా, పొడిని అరచేతిలోకి ఒంపుకోవాలి.

రెండు మూడు వారాలు దాటినా చిగుళ్ల నుంచి నెత్తురు వస్తుంటే గోలీని తప్పుపట్టి మళ్లీ ట్యూబుకు పోవడం వల్ల తగ్గదు. చిగురు వాచి ఉంటుంది, డాక్టరుకు చూపించాలి.

ఊరెళ్లేటప్పుడు

గల్ఫుకు పోయే జగిత్యాల, నిజామాబాద్ వాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. విమానంలో చేతిసంచికి పెట్టే 100 మిల్లీలీటర్ల హద్దు ద్రవాలకు, పేస్టులకే, గోలీలకు కాదు. సీసా మీద పేరు చీటీ మాత్రం ఉండాలి, విడిగా కాగితంలో చుట్టిన తెల్ల గోలీలు చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.

మేడారం జాతరకు నాలుగు రోజులు పోతే మనిషికి ఎనిమిది, చేతిలోంచి జారిపోయేవాటికి రెండు కలిపి పది చాలు. మూత గట్టిగా పట్టే చిన్న డబ్బాలో పోసి బట్టల నడుమ పెట్టుకోండి. జంపన్న వాగులో మునిగి వచ్చిన చేత్తో కాకుండా, వాగుకు పోయే ముందే ఒడ్డున తోముకోండి, వాగులో మాత్రం ఉమ్మకండి.